నడుముకు పెట్టుకునే చిన్న పిస్టల్‌ను ఎలా పోల్చి చూసుకోవాలి

పోయిన నెల బెంగళూరు చిక్‌పేటలో నగల దుకాణం నడిపే ఒక తెలుగు అబ్బాయి రామమూర్తినగర్‌లో మా ఇంటికి వచ్చాడు. సొంతూరు మదనపల్లి దగ్గర, మావైపు వాడే. చాలా తిరిగాక ఆయుధం లైసెన్సు చేతికొచ్చింది. ఫోను తీసి నాలుగు వీడియోలు చూపించాడు, అన్నీ అమెరికావే. గ్లాక్ 43, సిగ్ పి365, ఇంకా అలాంటివి. "సార్, వీటిలో నా నడుముకు ఏది సరిపోతుంది?" అన్నాడు. ఇందులో ఒక్కటీ కొనలేవు బాబూ అని చెప్పాల్సి వచ్చింది. అతను చూపించినవన్నీ 9 ఎంఎం. సైన్యం, పోలీసులు వాడే ఆ తూటా పేలే పిస్టల్ మన దేశంలో నిషిద్ధ బోరు (బోరు అంటే గొట్టం లోపలి కొలత) కింద వస్తుంది, మామూలు లైసెన్సు మీద ఇవ్వరు. పాపం, ముఖం వాడిపోయింది. ఆరోజు కాఫీ తాగుతూ రెండు గంటలు అతనికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇదే ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు.

నేను సైన్యంలో మద్రాస్ సాపర్స్ అనే ఇంజనీర్ల దళంలో 24 ఏళ్లు పనిచేశాను. చివరి తొమ్మిదేళ్లు ఆయుధ శిక్షణలోనే గడిచాయి. ఇప్పుడు లైసెన్సు ఉన్నవాళ్లకు పిస్టల్ పట్టుకోవడం, దాచుకోవడం, ఖాళీ చేయడం నేర్పిస్తాను. లైసెన్సు లేకుండా పిస్టల్ మీద మనసు పడేవాళ్ల కోసం ఇది కాదు. 1959 ఆయుధాల చట్టం కింద అది నేరుగా జైలుకు పోయే పని.

ముందు ఒక సందేహం తీరుస్తాను. "చొక్కా కింద దాచుకుని తిరగొచ్చా సార్, తప్పు కాదా?" అని చాలామంది గొంతు తగ్గించి అడుగుతారు. దాచకపోతేనే తప్పు. 2016 ఆయుధాల నియమాల ప్రకారం పదిమంది తిరిగే చోట చేతి తుపాకీ హోల్‌స్టర్‌లో, అంటే పిస్టల్ ఒరలో, ఒంటికి తగిలించి ఉండాలి, లేదా దానికి తగిన సంచిలో ఉండాలి. పూర్తిగా కప్పి ఉండాలి, మీ అదుపులోనూ ఉండాలి. బయటికి తీసి ఊపడం, చూపించి బెదిరించడం నిషేధం. కాబట్టి ఏ పిస్టల్ చూసినా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది కనబడకుండా ఉంటుందా? నా చేతిలో అదుపుగా ఉంటుందా? మొదటి ప్రశ్న అందరూ వేస్తారు. రెండోది వేసేవాళ్లు తక్కువ. నా అనుభవంలో తప్పంతా అక్కడే జరుగుతుంది.

ముప్పైరెండు అంటే ఏ ముప్పైరెండు?

మనకు అందుబాటులో ఉన్న పిస్టల్ తూటా ప్రధానంగా 32 ఏసీపీ. యూరప్‌లో దీన్నే 7.65 బ్రౌనింగ్ అంటారు. జాన్ బ్రౌనింగ్ 1899లో తయారుచేసిన తూటా ఇది. మామూలు రౌండ్‌లో, అంటే ఒక పూర్తి తూటాలో, ముందుకు దూసుకుపోయే బుల్లెట్ 71 గ్రెయిన్లు, అంటే నాలుగున్నర గ్రాముల పైచిలుకు. శక్తి చూస్తే 9 ఎంఎంలో మూడో వంతుకు కాస్త ఎక్కువ. "అంతేనా?" అని నీరుగారిపోకండి. చిన్న పిస్టల్ చేతిలో ఎగరకుండా, గురి చెదరకుండా రెండో రౌండ్ కూడా అదే చోట పడటం ఈ తూటాతో చాలా సులువు. ఏడు గజాల దూరంలో అన్నం ప్లేటంత జాగాలో అన్ని రౌండ్లూ వేయగలిగినవాడు, పెద్ద బోరుతో గోడకు కొట్టేవాడి కంటే వెయ్యి రెట్లు నయం. పక్కనున్నవాళ్లకు కూడా.

ఇక్కడ ఒక చిక్కుంది. రివాల్వర్‌కు వాడే తూటాను కూడా మనవాళ్లు ముప్పైరెండు అనే పిలుస్తారు. అది వేరు, 32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్. పొడవు వేరు, అంచు వేరు. ఒకదాని బదులు ఇంకొకటి వాడకూడదు. దుకాణంలో "ముప్పైరెండు ఇవ్వండి" అని ఊరుకోకుండా పిస్టల్‌దా, రివాల్వర్‌దా చెప్పండి. పెట్టె మీద రాసింది చదవండి, తూటా అడుగున ముద్ర కూడా చూడండి.

25 బోరు పిస్టళ్లు ఇంకా చిన్నవి, అరచేతిలో అగ్గిపెట్టెలా ఉంటాయి. నాకవి నచ్చవు. పట్టుకోవడానికి పిడి మీద రెండు వేళ్లు కూడా సరిగా ఆనవు.

నడుము దగ్గర లెక్క

కనబడకుండా ఉండాలంటే గొట్టం పొట్టిగా ఉండాలని అందరూ అనుకుంటారు. అది నిజం కాదు. గొట్టం ప్యాంటు లోపలికి దిగిపోతుంది. అది పదిహేను మిల్లీమీటర్లు పెరిగినా బయటివాళ్లకు తెలియదు. చొక్కాను పొడుచుకొచ్చి పట్టించేది పిడి చివర. ఆ తర్వాత పిస్టల్ మందం. వాల్తర్ పీపీ, పీపీకే రెండూ పక్కపక్కన పెడితే ఈ సంగతి అర్థమవుతుంది. పీపీ పొడవు 170 మిల్లీమీటర్లు, మ్యాగజైన్‌లో, అంటే పిడిలోకి దూర్చే తూటాల పెట్టెలో, 8 రౌండ్లు. పీపీకే 155, రౌండ్లు 7. పీపీకే బాగా దాగుతుందంటే కారణం గొట్టం కాదు, పిడి పొట్టిగా ఉండటం. అయితే ఆ పొట్టి పిడి మీద లావు చేతులవాళ్లకు చిటికెన వేలు గాలిలో ఉంటుంది. నా చేతికి పీపీయే హాయి. సీజెడ్ 83 అని ఇంకొకటుంది, 32లో 15 రౌండ్లు పడతాయి. రౌండ్లు రెండు వరసల్లో ఉంటాయి కాబట్టి పిడి మందం. పట్టుకుంటే బ్రహ్మాండం, నడుముకు పెట్టుకుని సిల్క్ బోర్డు ట్రాఫిక్ జామ్‌లో గంట కూర్చుంటే మాత్రం పక్కటెముక కింద రోకలి పెట్టినట్టుంటుంది.

బరువు కాగితం మీద చదివితే తెలియదు. నేను అందరికీ ఒక పని చెబుతాను. కొనకముందే ఒక గట్టి గుడ్డసంచిలో ముప్పావు కిలో బియ్యం పోసి, కుట్టి, బెల్టుకు లోపలివైపు కట్టుకోండి. స్టీలు పిస్టల్ నిండా లోడు చేస్తే దాదాపు అంత బరువుంటుంది. ఎనిమిది తూటాలే అరవై గ్రాములు తూగుతాయి. ఆ సంచితో వారం రోజులు మీ మామూలు పని చేయండి. బండి నడపండి, నేలమీద కూర్చుని భోంచేయండి, మెట్లెక్కండి, వంగి షట్టర్ ఎత్తండి. సన్నబెల్టు అయితే రెండోరోజుకే ప్యాంటు జారుతుంది. రెండు పొరల మందమైన తోలు బెల్టు లేకుండా ఏ పిస్టలూ నిలబడదు. చొక్కా ఎప్పుడు పైకి లేస్తుందో, మీ చెయ్యి మాటిమాటికీ అక్కడికే పోతోందో ఇంట్లోవాళ్లను చూసి చెప్పమనండి. తడుముకునే చెయ్యే అందరికంటే ముందు పట్టిస్తుంది.

జేబులో పెట్టుకుంటామంటే, జేబు హోల్‌స్టర్ తప్పనిసరి, ఆ జేబులో ఇంకేమీ ఉండకూడదు. తాళాలు లేవు, చిల్లర లేదు. సంచిలో పెట్టుకోవడం నాకిష్టం లేదు. సంచిని కుర్చీకి తగిలించి మరిచిపోతాం. లాక్కుపోయేవాడు లాక్కుపోయేదీ ముందు ఆ సంచినే.

చేతి దగ్గర లెక్క

ఇక్కడ నింపాదిగా చెప్పాలి. హోసకోట రోడ్డులో పెట్రోలు బంకు నడిపే ఒకావిడ నా దగ్గర నేర్చుకున్నారు. భర్త పోయాక బంకు తనే చూసుకుంటున్నారు. ఆవిడకు ఎవరో "లేడీస్‌కి చిన్నదే మంచిది" అని చెప్పి, అతి చిన్న పాత పిస్టల్ ఒకటి మాట్లాడిపెట్టారు. ఆవిడ దాని స్లైడ్‌ను, అంటే ముందుకూ వెనక్కూ జారే పైభాగాన్ని, వెనక్కి లాగలేకపోయారు. వేళ్లు ఎర్రబడేదాకా లాగారు, సగం దూరమే వచ్చింది. తప్పు ఆవిడది కాదు. ఈ 32 పిస్టళ్లలో ఎక్కువభాగం బ్లోబ్యాక్ పద్ధతివి. గొట్టం కదలదు, స్లైడ్‌కు తాళం లాంటిది ఉండదు. పేలినప్పుడు స్లైడ్‌ను ఆపేవి దాని బరువు, స్ప్రింగు బిగువు మాత్రమే. స్లైడ్ చిన్నదయ్యేకొద్దీ బరువు తగ్గుతుంది, ఆ లోటు స్ప్రింగు పూడ్చాలి. కాబట్టి చిన్న పిస్టల్ అంటే గట్టి స్ప్రింగు. పట్టుకోవడానికి జాగా కూడా తక్కువే. చిన్నది సులువైనది కాదు. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం డబ్బు మిగులుతుంది.

స్లైడ్ లాగే తీరు కూడా ఉంది. చూపుడువేలు, బొటనవేలుతో గిల్లినట్టు పట్టుకోకండి. ఎడమ అరచేతిని స్లైడ్ వెనకభాగం మీద బోర్లించి నాలుగు వేళ్లతో గట్టిగా పట్టండి. గొట్టం మూతిని సురక్షితమైన వైపే ఉంచి, పిస్టల్ పట్టిన చేతిని ముందుకు తోయండి. లాగడం కంటే తోయడంలో బలం ఎక్కువ. ఈ తీరుతో వరసగా పదిసార్లు చేయగలిగితే ఆ పిస్టల్ మీది. ఆరోసారికే చెయ్యి వణికితే ఇంకోటి చూడండి. ఆ బంకు నడిపే ఆవిడ చివరికి రివాల్వర్ తీసుకున్నారు. కాన్పూరులో తయారైన నిర్భీక్, 2014లో వచ్చింది, అర కిలో బరువు. లాగడానికి స్లైడే లేదు. 2023లో ప్రబల్ అని, తూటాలుండే చక్రం పక్కకు తెరుచుకునే రివాల్వర్ ఇంకోటి వచ్చింది, నింపడం ఖాళీ చేయడం దాంతో తేలిక. చక్రం లావు వల్ల రివాల్వర్ నడుము దగ్గర ఉబ్బుతుంది, అది ఒప్పుకోవాలి. అయినా ఆవిడ చేతికి అదే సరి.

తర్వాత ట్రిగ్గర్. పీపీ, పీపీకేలలో మొదటి రౌండ్‌కు ట్రిగ్గర్ దూరం నుంచి బరువుగా వస్తుంది, రెండో రౌండ్ నుంచి తేలిక. అలవాటు లేనివాళ్లకు మొదటిది కిందికి, రెండోది పైకి పోతుంది. దుకాణదారు అనుమతి తీసుకుని పేలని డమ్మీ రౌండ్లతో మొదటి లాగుడు చూడండి, పిస్టల్ ముందు చివరనున్న గురి బొడిపె కదలకుండా లాగగలుగుతున్నారా అని. వీటిలో సేఫ్టీ మీట స్లైడ్ మీద ఉంటుంది, కిందికి నొక్కితే సేఫ్. వేరే పిస్టళ్లలో మీట వేరే చోట ఉంటుంది, కదిలే దిక్కూ మారుతుంది. రెండు రకాలు మార్చి మార్చి వాడటం నాకు భయం. ఒకటే కొనండి, దాన్నే నేర్చుకోండి.

కొత్తదా, పాతదా?

కొత్తది కావాలంటే మొదట కనిపించేది ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ వాళ్ల అశని. 2021 అక్టోబరులో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలను ఏడు కంపెనీలుగా విడదీశాక ఇషాపూర్ కూడా కాన్పూరులోని అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా కిందికి వచ్చింది. కొత్త ఇనుము, కొత్త స్ప్రింగు. కానీ ఒకే మోడల్ అని మొదట చూపించినదే కట్టించుకుని రాకండి. రెండు మూడు తీయించి చూడండి. స్లైడ్ మధ్యలో గీరుకుంటోందా, మ్యాగజైన్ ఖటక్కున కూర్చుంటోందా, మీట వేలికి అందుతోందా చూడండి.

పాత విదేశీ పిస్టళ్లు ఎప్పుడో దిగుమతైనవి చేతులు మారుతూ లక్షల్లో పలుకుతున్నాయి. వాల్తర్, కోల్ట్ 1903, బ్రౌనింగ్ 1910 లాంటి పేర్లు వింటారు. పనితనం అద్భుతమే, ఆ కోల్ట్ సుత్తి లోపలే దాగి ఉంటుంది కాబట్టి బట్టకు చిక్కుకోదు. బ్రౌనింగ్ 1910కి పిడి వెనక సేఫ్టీ, మీట సేఫ్టీ, మ్యాగజైన్ తీస్తే పేలని సేఫ్టీ, మూడూ ఉన్నాయి. కానీ అవి ఆ కాలపు డిజైన్లు, గట్టినేల మీద పడితే తూటాను పేల్చే లోపలి పిన్నును పట్టి ఆపే ఏర్పాటు వాటిలో లేదు. వందేళ్ల స్ప్రింగును నేను నమ్మను. అలాంటివాటిని ఛాంబర్ (గొట్టం వెనక, పేలడానికి తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉంచే నడుముకు పెట్టుకోవాలి, ఈ విషయంలో బేరం లేదు. గొట్టంలోకి లైటు వేసి తుప్పు గుంటలు చూడండి, నంబరు కాగితాలతో అక్షరం అక్షరం సరిపోల్చండి. పేరు కోసం డబ్బు పోయకండి.

రెండింటిలో ఏదైనా సరే, మ్యాగజైన్ నింపేటప్పుడు ఒక సంగతి చూడాలి. 32 ఏసీపీ తూటా అడుగున సన్నని అంచు ఉంటుంది. పై రౌండ్ అంచు కింది రౌండ్ అంచుకు ముందుండాలి. వెనక్కి జారితే రెండూ ఒకదానికొకటి కొక్కెం పడి, స్లైడ్ ఎంత కొట్టినా రౌండ్ పైకి రాదు. బుల్లెట్ పొట్టిగా ఉండే రకాలతో ఈ బాధ ఎక్కువ. ఒక్కో రౌండ్ పెట్టాక మ్యాగజైన్ వెనకభాగాన్ని అరచేతి మీద తట్టాలని పుస్తకాలు చెబుతాయి. నేనైతే ప్రతి రౌండ్‌నూ కళ్లతో చూసి పెట్టమంటాను. కనీసం వంద రౌండ్లు రేంజ్‌లో ఒక్కసారీ ఆగకుండా కాలిస్తేనే నడుముకు పెట్టుకోండి. మీ లైసెన్సులో రాసిన తూటాల లెక్కలోనే ఇది జరగాలి, కాబట్టి ఒక్క నెలలో కాకపోవచ్చు. ఆగండి.

ఒక మధ్యాహ్నం

మూడేళ్ల కిందట ఒక పెద్దమనిషి, చదువుకున్నవాడు, నెమ్మదస్తుడు, నా ముందే పిస్టల్ ఖాళీ చేశాడు. ముందు స్లైడ్ లాగాడు. ఛాంబర్‌లోని రౌండ్ బయటపడి టేబుల్ మీద దొర్లింది. ఆ తర్వాత మ్యాగజైన్ తీశాడు. "ఖాళీ సార్" అన్నాడు. స్లైడ్ ముందుకెళ్లేటప్పుడు మ్యాగజైన్ నుంచి ఇంకో రౌండ్‌ను ఎక్కించుకుపోయిందని అతనికి తట్టలేదు. ట్రిగ్గర్ లాగాడు. గొట్టం ఇసుకసంచి వైపే ఉండాలని నేను మొదటిరోజు నుంచీ అరుస్తాను కాబట్టి గుండు ఇసుకలోకి పోయింది. సంచి చిల్లులోంచి ఇసుక సన్నగా ధార కట్టి కారుతూ ఉంటే ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు. ఆయన చేతులు పిస్టల్ కింద పెట్టాక కూడా వణుకుతూనే ఉన్నాయి.

వరస ఇది: ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాతే స్లైడ్ లాగాలి. లాగి వెనక్కి పట్టుకుని ఛాంబర్‌లోకి చూడాలి, చీకటైతే చిటికెన వేలు పెట్టి తడమాలి. రెండోసారి మళ్లీ. సైన్యంలో "నిరీక్షణ్ కే లియే జాంచ్ శస్త్ర్" అంటే అందుకే. పిస్టల్ తెరిచి ఖాళీ ఛాంబర్ ఇంకొకరికి చూపించాలి. మీరు కొనేముందు ఈ మొత్తం వరసను దుకాణంలో చేసి చూడండి. ఏ పిస్టల్ మీద తడబాటు లేకుండా వస్తుందో అది మీ జాబితాలో పైకి రావాలి.

హోల్‌స్టర్ ట్రిగ్గర్ గార్డును, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మిని, పూర్తిగా మూసేయాలి. మెత్తటి గుడ్డ హోల్‌స్టర్లు వద్దు, నోరు ముడుచుకుపోతే చొక్కా అంచో, జాకెట్ తాడో ట్రిగ్గర్ లోపలికి దూరుతుంది. పిస్టల్ తిరిగి పెట్టేటప్పుడు తొందర అక్కర్లేదు, చూసి పెట్టండి. మన చెమటకు నల్లటి పాలిష్ ఉన్న స్టీలు వారంలో తుప్పు చుక్క వేస్తుంది. ఆదివారం ఆదివారం పొడిగుడ్డతో తుడిచి సన్నగా నూనె రాయండి, తూటాలకు మాత్రం నూనె తగలనీయకండి.

బెంగళూరు తెలుగువాళ్లకు ఇంకో రెండు మాటలు. ఊరికి వెళ్లేటప్పుడు లైసెన్సు ఏ ప్రాంతానికి చెల్లుతుందో చూసుకోండి. కర్ణాటకకే అయితే హద్దు దాటి చిత్తూరు, అనంతపురం వైపు తీసుకుపోకూడదు. తిరుమల కొండమీదికి ఆయుధం తీసుకెళ్లనివ్వరు, అలిపిరిలో నిలబడి ఆలోచించకుండా బయల్దేరకముందే పిస్టల్‌ను భద్రపరిచే లైసెన్సున్న డీలర్ దగ్గర రసీదు తీసుకుని అప్పగించండి. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చడం 2019 సవరణ తర్వాత రెండేళ్ల జైలు దాకా పోయే నేరం. ఎన్నికలప్పుడు డిపాజిట్ చేయమని ఉత్తర్వు వస్తే స్టేషన్‌లో అప్పగించాలి. ఆత్మరక్షణ హక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 సెక్షన్ల దాకా ఉంది, ఒక వకీలు దగ్గర కూర్చుని చదివించుకోండి. డబ్బుసంచి అడిగితే ఇచ్చేయండి. సంచి మళ్లీ సంపాదించుకోవచ్చు.

చిక్‌పేట అబ్బాయి బియ్యం సంచి కట్టుకుని వారం తిరిగాడు. మూడోరోజు పొట్టమీంచి కుడి తుంటి వెనక్కి మార్చుకున్నాడట. ఐదోరోజు కొత్త బెల్టు కొన్నాడు. ఆరోరోజు భోజనానికి కూర్చుంటే వాళ్లావిడ, "ఎడమ చెయ్యి నేలకు ఆనించి లేస్తున్నారేంటి?" అని అడిగిందట. వచ్చే ఆదివారం ఇద్దరం దుకాణానికి వెళ్తున్నాం. ముందు స్లైడ్ పదిసార్లు లాగించి చూస్తాను.